వేసవి గదిలో నిలబడే వాటర్ కూలింగ్ లూప్: కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

మే నెల మధ్యాహ్నం ఏసీ వేయని గదిలో 38 డిగ్రీలుంటే, కంప్యూటర్‌కు ఎంత ఖరీదైన లూప్ (చిప్‌ల వేడిని గొట్టాల్లో తిరిగే నీళ్లతో రేడియేటర్‌కు చేర్చే ఏర్పాటు) పెట్టినా అందులో నీళ్లు 38 కన్నా చల్లగా ఉండవు. రేడియేటర్ చల్లదనాన్ని తయారు చేయదు, నీళ్లలోని వేడిని గది గాలికి అప్పగిస్తుంది, అంతే. అందుకే లూప్ ప్లాన్ మీ గది ఉష్ణోగ్రతతో మొదలవ్వాలి. 20 డిగ్రీల గదుల్లో ఉండేవాళ్లు చూపించే బిల్డ్‌లను ఇక్కడ అలాగే దించితే ఏప్రిల్ దాకా బాగానే ఉంటాయి. ఆ తర్వాత ఫ్యాన్లు గోల పెడతాయి.

ముందుగా రెండు అంకెలు రాసుకోండి. మొదటిది, మీరు ఆట ఆడే వేళ గది చేరే గరిష్ఠ ఉష్ణోగ్రత. పదిహేను వందల రూపాయల మీటర్ అక్కర్లేదు, గోడ థర్మామీటర్ చాలు. రెండోది డెల్టా, అంటే నీళ్లకూ గది గాలికీ మధ్య తేడా. డెల్టా 10 ఉంటే మంచి లూప్, 15 దాకా ఫర్వాలేదు. దీనికి పైన ఒక గీత ఉంది: నీళ్లు 50 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, 60 మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేరకూడదు. లూప్‌లో నీళ్లు తిప్పే డీ5 రకం పంపులకు ద్రవం పరిమితి 60 డిగ్రీలే. పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు కూడా అక్కడికి వచ్చేసరికి మెత్తబడి, గొట్టాన్ని భాగానికి కలిపే ఫిట్టింగ్ దగ్గర పట్టు తప్పే ప్రమాదం ఉంది.

అసలు లెక్క

ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు, రైజెన్ 7 9800ఎక్స్3డి ప్రాసెసర్ తీసుకుందాం. కార్డు గరిష్ఠంగా 575 వాట్లు తాగుతుంది. ప్రాసెసర్ టీడీపీ (తయారీదారు చెప్పే వేడి అంకె) 120 వాట్లు, ఆటల్లో అది సాధారణంగా అంతకన్నా తక్కువే లాగుతుంది. పంపు వేడి కూడా కలిపి 700 వాట్లు అనుకోండి. ఈ 700 వాట్లూ రేడియేటర్ల గుండా గదిలోకి రావాలి.

రేడియేటర్‌ను 120 మి.మీ. ఫ్యాన్ ఒక్కొక్కదానికి ఒక గడిగా లెక్కపెట్టండి. 360 రేడియేటర్ అంటే మూడు గడులు. 30 మి.మీ. మందం ఉన్న మంచి రాగి రేడియేటర్‌లో డెల్టా 10 దగ్గర ఒక్కో గడి 1300 ఆర్‌పీఎం ఫ్యాన్‌తో సుమారు 90 వాట్లు, 800 ఆర్‌పీఎంతో సుమారు 55 వాట్లు వదిలిస్తుంది. ఇవి అంచనాలే, మోడల్‌ను బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి. కానీ ప్లాన్‌కు ఇవి సరిపోతాయి.

చాలామంది ఇక్కడే ఒక సంగతి మర్చిపోతారు. కేస్‌లో కింద, పక్కన ఉన్న రేడియేటర్లు గాలిని లోపలికి లాగుతుంటే, పైన ఉన్నది బయటికి నెడుతుంది. అంటే పైదానికి అందేది గది గాలి కాదు, మిగతా రెండు రేడియేటర్లూ మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కించిన గాలి. దాన్ని పూర్తి రేడియేటర్‌గా లెక్కపెట్టకూడదు. మూడింట రెండు వంతులే వేసుకోండి.

ఈ లెక్కన మూడు 360 రేడియేటర్లు, 1300 ఆర్‌పీఎం ఫ్యాన్లతో: లోపలికి లాగే ఆరు గడులు 540 వాట్లు, పై మూడు 180 వాట్లు, మొత్తం 720. అంటే 700 వాట్లకు డెల్టా 10 లోపే వస్తుంది. 38 డిగ్రీల గదిలో నీళ్లు 48 దగ్గర ఆగుతాయి. రెండే 360లు పెడితే 270కి 180 కలిపి 450 వాట్లు. డెల్టా పదిహేనున్నరకు చేరుతుంది, నీళ్లు 53 దాటుతాయి. అదే రెండు రేడియేటర్లు 28 డిగ్రీల ఏసీ గదిలో 44 దగ్గర హాయిగా నడుస్తాయి. కాబట్టి ప్రశ్న ‘ఎన్ని రేడియేటర్లు’ అని కాదు, ‘ఏసీ లేకుండా ఆడతారా, లేదా’ అని. ఆడతామంటే మూడు 360లు పట్టే లియాన్ లీ ఓ11 డైనమిక్ ఎక్స్‌ఎల్ తరహా కేస్ కావాలి. ఏసీలోనే ఆడతామంటే ఆ డబ్బు మిగులుతుంది.

ఏసీ ఉన్నవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. మిగతా భాగాలు, మానిటర్ కలిపితే ఈ సిస్టమ్ గదిలోకి 850 వాట్ల వేడి వదులుతుంది. ఒక టన్ను ఏసీ సామర్థ్యం సుమారు 3500 వాట్లు. అంటే దానిలో నాలుగో వంతు మీ కంప్యూటర్‌కే పోతుంది. వాటర్ కూలింగ్ వల్ల ఈ వేడి ఒక్క వాటు కూడా తగ్గదు.

తేమ సంగతి విశాఖ, కాకినాడ వైపు వాళ్లకు సందేహం. ఈ లూప్‌లో నీళ్లు ఎప్పుడూ గది గాలి కన్నా వేడిగానే ఉంటాయి కాబట్టి చిప్‌ల మీద కూర్చుని వేడిని నీళ్లకు ఇచ్చే లోహపు బ్లాక్‌ల మీద చెమ్మ పట్టదు. ఐసు నీళ్లు, చిల్లర్ లాంటివి కలిపితేనే ఆ గొడవ.

డబ్బు ఎక్కడ పెట్టాలి

లూప్ వల్ల అసలు లాభపడేది గ్రాఫిక్స్ కార్డు. పెద్ద చిప్, పెద్ద ఉపరితలం. మంచి బ్లాక్ ఉంటే కోర్ ఉష్ణోగ్రత నీళ్ల కన్నా 15–20 డిగ్రీలు పైన ఆగుతుంది. 48 డిగ్రీల నీళ్లతోనూ కార్డు 65 దగ్గర ఉంటుందన్నమాట. ప్రాసెసర్ కథ వేరు. 9800ఎక్స్3డి లాంటి చిప్‌లో వేడంతా చిన్న ముక్క నుంచి పుడుతుంది. అది లోహపు మూత దాటి నీళ్లకు చేరేలోపే 30 డిగ్రీలకు పైగా తేడా ఉండిపోతుంది. దానికి మంచి ఎయిర్ కూలర్ పెట్టినా లూప్‌లో కలిపినా ఆటలో కనిపించే తేడా తక్కువ. బడ్జెట్ ఒక బ్లాక్‌కే సరిపోతే కార్డుకే కొనండి.

కార్డు బ్లాక్ కొనేటప్పుడు ‘5090కి’ అని రాసి ఉంటే చాలదు. ఒక్కో కంపెనీ, ఒక్కో మోడల్ సర్క్యూట్ బోర్డు వేరు. ఎన్విడియా సొంతంగా అమ్మే ఫౌండర్స్ ఎడిషన్‌కు చేసిన బ్లాక్ ఇంకో కంపెనీ కార్డుకు పట్టదు. మీ కార్డు పూర్తి మోడల్ పేరు బ్లాక్ తయారీదారు ఇచ్చే జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. వీలైతే ముందు బ్లాక్ దొరికేది చూసి, దానికి తగ్గ కార్డు కొనడం ఇంకా తెలివైన పని. కూలర్ విప్పితే వారంటీ ఉంటుందో పోతుందో కూడా ఆ కంపెనీ షరతుల్లో చదివి తెలుసుకోండి.

లోహాల విషయంలో రాజీ వద్దు. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఒకే లూప్‌లో కలిసి బతుకుతాయి. అల్యూమినియం ఒక్కటి కలిసినా బ్యాటరీ లాంటి చర్య మొదలై అల్యూమినియం తినబడిపోతుంది. ఆ తెల్లటి గుజ్జు వెళ్లి బ్లాక్‌లోని సన్నటి చాళ్లలో కూర్చుంటుంది. చవగ్గా దొరికే రేడియేటర్లలో చాలావరకు అల్యూమినియమే. అమ్మే పేజీలో లోహం పేరు రాయకపోతే కొనకండి.

పంపుకు డీ5 తీసుకోండి. డీడీసీ అనే ఇంకో రకం పంపు చిన్నది, ఒత్తిడి బాగానే ఇస్తుంది కానీ తనే ఎక్కువ వేడెక్కుతుంది. మన గదులకు డీ5 నయం. రిజర్వాయర్ (నీళ్ల తొట్టి)తో కలిసి వచ్చే కాంబో కొంటే రెండు ఫిట్టింగ్‌లు మిగులుతాయి, పంపు ఎండిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

నీటి ప్రవాహం నిమిషానికి 3–4 లీటర్లు ఉంటే సరిపోతుంది. ఎందుకో లెక్క సులువు. నిమిషానికి ఒక లీటరు ప్రవాహం ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 70 వాట్లు కావాలి. 700 వాట్ల లూప్‌లో ఒక లీటరే పారితే నీళ్లు ఒక చుట్టులో 10 డిగ్రీలు మారతాయి. 3 లీటర్లు పారితే మార్పు 3.3 డిగ్రీలే. ఏ భాగం తర్వాత ఏది పెట్టాలన్న వాదనకు జవాబు ఇక్కడే ఉంది: ఈ ప్రవాహంలో వరుస ఏదైనా తేడా రెండు మూడు డిగ్రీలకు మించదు. గొట్టం ఎటు పొట్టిగా, వంపు లేకుండా పోతుందో అటే పోనివ్వండి. తప్పనిసరి నియమం ఒక్కటే, రిజర్వాయర్ నుంచి నీళ్లు నేరుగా పంపులోకి దిగాలి. ప్రాసెసర్ బ్లాక్‌కు మాత్రం లోపలికి ఏ రంధ్రం, బయటికి ఏది అన్నది మాన్యువల్ చూసి పెట్టండి. తిరగేస్తే చిప్ కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది.

మొదటి లూప్‌కు మెత్తటి గొట్టమే పెట్టండి. లోపల 10, బయట 16 మి.మీ. సైజు మందంగా ఉండి వంపులో మడత పడదు. పారదర్శక గొట్టాల నుంచి కాలం గడిచేకొద్దీ మెత్తదనం ఇచ్చే రసాయనం నీళ్లలోకి దిగి బ్లాక్‌లో తెల్లగా పేరుకుంటుంది. వేడి ఎక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టంలో ఆ బెడద లేదు. అందంగా కనిపించదు, కానీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. గట్టి గొట్టమే కావాలనుకుంటే మన వేడికి పీఈటీజీ కన్నా యాక్రిలిక్ మేలు.

చీటీ ఇలా రాసుకోండి

పైన చెప్పిన మూడు రేడియేటర్ల లూప్‌కు గొట్టం ఫిట్టింగ్‌లు కనీసం 12: బ్లాక్‌లకు నాలుగు, రేడియేటర్లకు ఆరు, పంపు కాంబోకు రెండు. డ్రెయిన్ కోసం ఒక టీ జాయింట్, ఒక బాల్ వాల్వ్, దాన్ని కలిపే మేల్-టు-మేల్ (రెండు చివరలా బయటి మర ఉన్న) ముక్క, చివర ఒక స్టాప్ ప్లగ్. టీ జాయింట్ పెట్టిన చోట గొట్టం రెండు ముక్కలవుతుంది కాబట్టి ఇంకో రెండు ఫిట్టింగ్‌లు కలపండి. 90 డిగ్రీల రోటరీలు (తిప్పుకోగల మలుపు ఫిట్టింగ్‌లు) ఆరు, 45వి రెండు. జి 1/4 మరకు (ఈ భాగాలన్నింటి రంధ్రాలకూ ఉండే మర సైజు) పట్టే టెంపరేచర్ సెన్సర్ ఒకటి, గాలి ఉష్ణోగ్రతకు తీగ సెన్సర్ ఇంకొకటి. గొట్టం మూడు మీటర్లు. ఫ్యాన్లు తొమ్మిది, శాటా పవర్‌తో నడిచే ఫ్యాన్ హబ్ ఒకటి. మదర్‌బోర్డు ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ తగిలించే పిన్‌లు) సాధారణంగా ఒక ఆంపియర్‌కే తట్టుకుంటుంది, తొమ్మిదీ దానికే తగిలిస్తే కాలిపోవచ్చు. కూలెంట్ రెండు లీటర్లు. లూప్‌లో పట్టేది సుమారు లీటరుంపావు, మిగతాది పైపైన నింపడానికి. ఫిట్టింగ్‌లు రెండు మూడు అదనంగా తెప్పించండి. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా ఆ సైజు, ఆ రంగు ఫిట్టింగ్ ఆ రోజే దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. సగం కట్టిన లూప్ ఒక్క ఫిట్టింగ్ కోసం వారం రోజులు బల్ల మీద పడి ఉండడం చాలా ఇళ్లలో జరిగేదే.

కొలతలు కేస్ పక్కన స్కేలు పెట్టి తీయండి. పైన 30 మి.మీ. రేడియేటర్, 25 మి.మీ. ఫ్యాన్ కలిస్తే 55 మి.మీ. అది ర్యామ్‌కు, మదర్‌బోర్డు పైఅంచున ఉన్న పవర్ ప్లగ్‌కు తగలకూడదు. 360 రేడియేటర్ పేరుకే 360, చివర ట్యాంకులతో కలిపి 400 మి.మీ. దాకా ఉంటుంది. కార్డు పవర్ కేబుల్ ప్లగ్ దగ్గర నుంచి కనీసం 35 మి.మీ. నిటారుగా పోయాకే వంగాలి. బ్లాక్ పెట్టాక కార్డు ఎత్తు మారుతుంది కాబట్టి ఈ ఖాళీ మళ్లీ కొలవండి. డ్రెయిన్ వాల్వ్ లూప్‌లో అన్నింటికన్నా కింద ఉండాలి, నింపే రంధ్రం అన్నింటికన్నా పైన ఉండాలి. డ్రెయిన్ పెట్టకుండా కట్టిన లూప్‌ను ఏడాది తర్వాత విప్పేటప్పుడు నీళ్లు పోయేది కార్డు మీదే.

ఏ నీళ్లు పోయాలి

బోరు నీళ్లు సరే, ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు కూడా పనికిరావు. వాటిలో లవణాలు మిగిలే ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ల సీసాలు కొన్ని నిజంగా శుద్ధమైనవే, కొన్ని పేరుకే. టీడీఎస్ మీటర్ పెడితే 0–2 మధ్య చూపించాలి, పదీ ఇరవై చూపిస్తే బ్యాటరీకే వదిలేయండి. ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణంలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తీసుకోవడం మేలు. రేడియేటర్లు కడగడానికి ఎలాగూ అన్ని నీళ్లు కావాలి.

లూప్‌లో పోసేదానికి డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే చాలదు. నాచు పట్టకుండా బయోసైడ్, తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ ఉండాలి. కాన్సన్‌ట్రేట్ కొని సీసా మీద చెప్పిన పాళ్లలో కలపండి, లేదా కలిపి అమ్మే పారదర్శక కూలెంట్ పోయండి. పాలలా చిక్కగా, మెరుస్తూ కనిపించే కూలెంట్లలో నలకలు తేలుతుంటాయి. అవి నెలల్లోనే బ్లాక్ చాళ్లలో దిగబడతాయి. ఫొటో కోసం తప్ప వాటిని వాడకండి. వెండి తీగ చుట్ట వేస్తే నాచు పట్టదన్న పాత చిట్కా నికెల్ పూత ఉన్న బ్లాక్‌లకు చేటు.

కట్టే వరుస

అన్నింటికన్నా ముందు, కొత్త కార్డును దాని సొంత కూలర్‌తోనే వారం రోజులు గట్టిగా ఆడి చూడండి. లోపం ఉన్న కార్డు విప్పిన తర్వాత బయటపడితే వెనక్కి ఇవ్వడం కష్టం.

రేడియేటర్లలో తయారీ నాటి టంకం ఫ్లక్స్, లోహపు పొడి ఉంటాయి. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం దాకా పోసి, ప్లగ్‌లు బిగించి, రెండు నిమిషాలు గట్టిగా కుదిపి తెల్లటి గిన్నెలోకి వంచండి. గిన్నె అడుగున నలక కనిపించనంత దాకా మళ్లీ మళ్లీ చేయాలి, ఒక్కోసారి ఏడెనిమిది సార్లు పడుతుంది. ఇది విసుగు పని. కానీ ఇక్కడ బద్ధకిస్తే కొద్ది నెలల్లోనే ప్రవాహం పడిపోవచ్చు.

కార్డు బ్లాక్‌లో థర్మల్ ప్యాడ్‌ల (మెమరీ వగైరా చిప్‌ల వేడిని బ్లాక్‌కు చేర్చే మెత్తటి పట్టీలు) మందం మాన్యువల్‌లో చెప్పినదే పెట్టాలి. అర మి.మీ. ఎక్కువైనా బ్లాక్ చిప్ మీద సరిగ్గా ఆనదు. స్క్రూలు ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించండి. చిప్‌కూ బ్లాక్‌కూ మధ్య థర్మల్ పేస్ట్ కన్నా పీటీఎం7950 షీట్ మంచిది, వేడికి కరిగి సర్దుకుంటుంది, పేస్ట్‌లా పక్కలకు జారిపోదు. ఫిట్టింగ్‌లు చేత్తోనే బిగించాలి. లోపల రబ్బరు రింగు నొక్కుకుంటే చాలు. రెంచితో తిప్పితే యాక్రిలిక్ పగులుతుంది.

తర్వాత గాలి పరీక్ష. చేతిపంపు ఉన్న లీక్ టెస్టర్‌తో 0.5 బార్ ఎక్కించి అరగంట వదిలేయండి, అంతకు మించి ఎక్కించవద్దు. ఏసీ వేసి వెంటనే ఈ పరీక్ష చేయకండి. గాలి 10 డిగ్రీలు చల్లబడితే ముల్లు దానంతటదే సుమారు 0.05 బార్ దిగి, లేని లీకును వెతికిస్తుంది. ముల్లు నిజంగానే దిగుతుంటే భాగాలను సగం సగం విడదీసి పరీక్షిస్తే దోషి త్వరగా దొరుకుతుంది.

నింపేటప్పుడు పవర్ సప్లైకి పంపు ఒక్కటే తగిలి ఉండాలి. 24 పిన్ల కేబుల్ మదర్‌బోర్డు నుంచి తీసి దానికి జంపర్ ప్లగ్ (మదర్‌బోర్డు లేకుండానే సప్లైని ఆన్ చేసేది) పెట్టండి. రిజర్వాయర్ నింపడం, పంపు ఐదు సెకన్లు నడపడం, ఆపడం, మళ్లీ నింపడం. రిజర్వాయర్ ఖాళీ కానివ్వకూడదు, డీ5 బేరింగ్‌ను తడిపేది ఆ నీళ్లే. నీళ్లు నిలదొక్కుకున్నాక కేస్‌ను నాలుగు వైపులా మెల్లగా వంచండి, రేడియేటర్ మూలల్లో ఇరుక్కున్న గాలి బయటికి వస్తుంది. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా పంపు ఒక్కటే నడపండి. పొద్దున పేపర్లన్నీ పొడిగా ఉంటేనే మిగతా కేబుళ్లు తగిలించాలి.

ఫ్యాన్లను ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కట్టకండి, క్షణక్షణానికీ పైకీ కిందకీ ఊగుతాయి. నీళ్ల సెన్సర్‌కు కట్టండి. ఇంకా సరైనది డెల్టాకు కట్టడం: తేడా 5 ఉంటే 700 ఆర్‌పీఎం, 10కి 1300, 15కి పూర్తి వేగం. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ తీసివేత కుదరకపోతే వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి. డిసెంబరులో 24 డిగ్రీల గదికి సరిపోయిన ఫ్యాన్ వేగాల అమరిక మేలో పొద్దున్నుంచే ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పుతుంది. పంపు వేగం 60–70 శాతం దగ్గర స్థిరంగా ఉంచండి. పంపు ఆర్‌పీఎం తీగను సీపీయూ ఫ్యాన్ లేదా పంప్ హెడర్‌కు తగిలించి, వేగం సున్నా అయితే సిస్టమ్ ఆగిపోయేలా బయోస్‌లో పెట్టండి. కరెంటు పోయినప్పుడు పంపు ఆగిపోతుందని భయం అక్కర్లేదు, వేడి పుట్టించేవీ దానితోపాటే ఆగుతాయి. యూపీఎస్ మాత్రం చూసుకోండి, ఒక కేవీఏ అని రాసినవాటిలో చాలావరకు ఇచ్చేది 600 వాట్లే.

లూప్ పూర్తయిన రోజున, అరగంట ఆట తర్వాత మూడు అంకెలు రాసి కేస్ లోపల అతికించండి: నీళ్లకూ గాలికీ తేడా, కోర్‌కూ నీళ్లకూ తేడా, ప్రవాహం మీటర్ ఉంటే దాని అంకె. నెలలు గడిచాక వేడి పెరిగిందనిపిస్తే వీటితో పోల్చండి. మొదటి తేడా పెరిగితే రేడియేటర్లలో దుమ్ము. వీధిలో పని జరుగుతుంటే నెలకే నిండిపోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోండి, తిరగనివ్వకండి. రెండో తేడా ఒక్కటే పెరిగితే పేస్ట్ జారింది, లేదా బ్లాక్ వదులైంది. ప్రవాహం కూడా పడిపోయి ఉంటే బ్లాక్ చాళ్లు పూడాయి. విప్పి, మెత్తటి టూత్‌బ్రష్‌తో చాళ్ల వెంబడే రుద్ది, రబ్బరు రింగు మళ్లీ దాని గాడిలోనే కూర్చుందో లేదో చూసి మూయండి. కూలెంట్ ఏడాదికోసారి మార్చండి, ఏసీ లేని గదిలో అయితే ఏప్రిల్ రాకముందే.